నీలవేణి లాడ్జి ఆఖరి ఎపిసోడు

నమోదు 1

గొడుగు నిలబడే ఉంది. ఉప్పుగాలికి ఊళ్లో రెండు మేకల పాకలు లేచిపోయాయి గానీ దీనికి మాత్రం ఏమీ కాలేదు. కాస్త పక్కకి ఒరిగిందంతే. పొద్దున్నే నిచ్చెన వేసుకుని ఎక్కి, చీపురుతో రేకులన్నీ దులిపాను.

నా పేరు వకుళ. కొత్త కోరంగిలో గొడుగు కాపలా నాది. భూమి నుంచి వచ్చే ఓడలకి దారి చూపించే పెద్ద యాంటెన్నాని మేం గొడుగంటాం. ఓడ వచ్చేది ఏ రెండేళ్లకో మూడేళ్లకో. మిగతా రోజుల్లో దాన్ని దులపడం, కీళ్లకి నూనె పెట్టడం, బాగానే ఉందని ఇక్కడ రాయడం నా పని. మామూలుగా రెండు ముక్కల్లో అయిపోతుంది.

ఇవాళ అవదు. ఒరిగిన గొడుగు సరిచెయ్యడానికి కిందికొచ్చి చూస్తే, రిసీవరు తెర మీద బొమ్మ ఆడుతోంది!

ఒకమ్మాయి కాఫీ గ్లాసు పట్టుకుని చీకటి మెట్లెక్కుతోంది. వెనకాల గాల్లో పళ్లెం తేలుతోంది. పళ్లేనికి కట్టిన దారం స్పష్టంగా కనపడుతోంది. అయినా చేతిలో చీపురు గట్టిగా పట్టుకున్నాను. పైగదిలోంచి దగ్గు. ముసలాయన గొంతు. తెలుగులో.

"ఏమండీ, నిన్నటి కాఫీ కూడా చల్లగానే ఉంది!"

అమ్మాయి గ్లాసు గుమ్మం ముందు పెట్టి, తలుపు తీసే ధైర్యం లేక పరుగెత్తుకుంటూ కిందికి దిగింది. దబ్బున ఒక సబ్బు ప్రకటన. తర్వాత పేర్లు. 'నీలవేణి లాడ్జి. తరువాయి భాగం వచ్చే మంగళవారం.'

అంతే, గరగర.

గొడుగు సరిచెయ్యలేదు. అలాగే ఉంచాను. ఎంత కోణంలో ఒరిగిందో సుద్దముక్కతో గీత కూడా గీసుకున్నాను.

నమోదు 2

రజియాకి చెప్పకుండా ఉండలేకపోయాను. రజియా మా వంటశాల పెద్ద, నా ఈడుది. నాచుపిండి అట్లు తిరగేస్తూ అంతా విని, "నీకు పంటి నొప్పి తలకెక్కింది," అంది.

పంటి నొప్పి నిజమే. ఊళ్లో సగం మందికి దవడలు వాచే ఉన్నాయి. ఇక్కడి నీళ్లలో ఏముందో గానీ పళ్లు పుచ్చిపోతున్నాయి. పళ్ల డాక్టరు వచ్చే ఓడలో వస్తున్నారన్న ఒక్క ఆశతో లవంగాలు నములుతూ బతుకుతున్నాం.

"కాదే," అన్నాను. "మనం ముడిదారిలో వచ్చాం. ఓడ ఆకాశాన్ని ముడేసి, ఇటు దూరి అటు తేలింది. పడుకుని లేచేసరికి ఇక్కడున్నాం. టీవీ తరంగాలకి ఆ సుఖం లేదు కదా, అవి నడిచే రావాలి. డెబ్బై ఏళ్లు నడిచి ఇప్పుడొచ్చాయి. అప్పట్లో మన వాళ్లు మంగళవారం సాయంత్రం చూసింది ఇది."

రజియా అట్లకాడ పక్కన పెట్టింది. "దెయ్యాలున్నాయా అందులో?"

"లాడ్జి నిండా."

"మంగళవారం ఎప్పుడు?"

నమోదు 3

మంగళవారం! నేనూ రజియా రిసీవరు గదిలో చాప వేసుకుని కూచున్నాం. బొమ్మ వణుకుతుంది, ఒక్కోసారి ముఖాలు పచ్చగా అయిపోతాయి. కానీ ఏం కథ! ఏం కథ!

నీలవేణి అని పాతికేళ్ల పిల్ల. మేనమామ పోతూ పోతూ ఆమెకి ఒక పాత లాడ్జి వదిలేశాడు. దాంట్లో దిగేవాళ్లందరూ చచ్చిపోయినవాళ్లే. ఒక్కొక్కరిదీ ఒక్కో తీరని కోరిక. వచ్చినవాళ్లందర్నీ నీలవేణి మర్యాదగా, "తమరు ఎప్పుడు పోయారండీ?" అని అడుగుతుంది. ఈ వారం ఒక హరిదాసు దెయ్యం వచ్చింది. బతికుండగా సైకిలు తొక్కడం రాలేదట. నీలవేణి ఆయనకి లాడ్జి వరండాలో సైకిలు నేర్పించింది. చివర్లో ఆయన చేతులు వదిలేసి తొక్కుతూ గోడలోంచి వెళ్లిపోయాడు. రజియా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "సైకిలు కూడా తీసుకుపోయాడే, పాపం ఆ పిల్లకి సైకిలు లేదిప్పుడు," అంది.

ఎదురింట్లో కోదండం అని రేడియోలు బాగుచేసే అబ్బాయి ఉంటాడు, చేటల్లాంటి చెవులు. నీలవేణి అంటే ప్రాణం. దెయ్యం కనపడగానే విరుచుకు పడిపోతాడు. లేచి మళ్లీ అదే ప్రశ్న, "నన్ను పెళ్లి చేసుకుంటారా?" ఆమె, "వచ్చే వారం చెప్తాను," అంటుంది. ప్రతి వారమూ!

అన్నిటికంటే మేడమీదాయన. తలుపు వెనక ఉంటాడు. దగ్గుతాడు, కాఫీ అడుగుతాడు. ముఖం ఒక్కసారి కూడా చూపించరు. ఎవరాయన?

నాకు నిద్ర పట్టేలా లేదు.

నమోదు 4

దొరికిపోయాం. రజియా సీరియలు మధ్యలో వచ్చే కొబ్బరినూనె ప్రకటన పాట కూనిరాగం తీస్తుంటే ఊరి పెద్ద దాలినాయుడు గారు విన్నారు. "ఏ కొబ్బరినూనె? మనకి కొబ్బరినూనె ఎక్కడిది?" అని ఆరా తీస్తూ సరిగ్గా మంగళవారం సాయంత్రం రిసీవరు గదికి వచ్చేశారు.

"వకుళా! ఓడల కోసం పెట్టిన గొడుగుతో సినిమాలు చూస్తున్నావా?"

"సినిమా కాదండీ, సీరియలు."

"ఏదైతేనేం! ముందు దాన్ని యథాస్థానంలో పెట్టు."

సరిగ్గా అప్పుడే తెర మీద పెళ్లికూతురి అలంకరణలో ఒక దెయ్యం మంచం కిందనుంచి చెయ్యి చాపి నీలవేణి కాలు పట్టుకుంది. నాయుడు గారు ఎగిరి రజియా మీద పడ్డారు. తర్వాత గొంతు సవరించుకుని, "ఆ అమ్మాయి కాలు వదిలాక కట్టేద్దాం," అన్నారు.

వదిలాక ప్రకటనలు. ప్రకటనలయ్యాక కోదండం మూర్ఛ. నాయుడు గారు నవ్వీ నవ్వీ దగ్గారు. పేర్లన్నీ పడేదాకా నిలబడే చూసి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"మేడమీదాయన ఆ పిల్ల తండ్రి. రాసి పెట్టుకో," అన్నారు.

అందుకే రాస్తున్నాను.

నమోదు 5

ఇప్పుడు తెర భోజనశాలలో ఉంది. నాయుడు గారి ఆర్డరు. మంగళవారం మేకల్ని పెందలాడే తోలుకొస్తున్నారు, పంపుల దగ్గర వంతులు మార్చుకుంటున్నారు. నాయుడు గారి తమ్ముడు సింహాద్రి ఒక్కడే రాడు. ఆయనకి దెయ్యాలంటే నిజంగానే భయం.

ఊరంతా రెండు పక్షాలు. మేడమీదాయన నీలవేణి తండ్రి అని నాయుడు గారి పక్షం. లాడ్జి కట్టిన మేస్త్రీ అని రజియా పక్షం. అసలు అక్కడెవరూ లేరు, అది ఇల్లే మాట్లాడుతోందని నా వాదన. నా పక్షంలో నేనొక్కదాన్నే.

ఆడపిల్లలు నీలవేణిలాగా రెండు జడలు ముందుకేసుకుంటున్నారు. మొన్న పంపు ఆగిపోతే బాగుచెయ్యడానికి వెళ్లిన కుర్రాళ్లు దాంతో, "తమరు ఎప్పుడు పోయారండీ?" అన్నారట. ఎన్నాళ్లయిందో ఈ ఊరు ఇలా నవ్వి. ఇక్కడికి వచ్చిన ఏడాది ఎంత బెంగపడ్డామో నాకు గుర్తుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిని లేచేవాళ్లం. ఇప్పుడు తిన్న కంచాలు ఎండిపోతున్నా ఎవరూ లేవరు.

ఇవాళ ఎపిసోడు చివర పెద్ద అక్షరాలు పడ్డాయి. 'వచ్చే మంగళవారం ఆఖరి భాగం. మేడమీద తలుపు తెరుచుకుంటుంది!'

అరుపులకి భోజనశాల రేకులు అదిరాయి.

నమోదు 6

ఓడ వస్తోంది.

ఇంకో నెలకి రావాల్సింది, ముందుగా వచ్చేస్తోంది. ముడిలోంచి ముందస్తు గంట మోగింది. లెక్క కట్టాను. మళ్లీ కట్టాను. ఓడ ముడిలోంచి బయటపడేది మంగళవారం సాయంత్రం, సరిగ్గా సీరియలు వేళకే. అప్పుడు గొడుగు ఓడవైపు చూస్తూ ఉండాలి. భూమి వైపు కాదు. గొడుగు దారి చూపించకపోతే ఓడకి తనెక్కడ తేలిందో తెలియదు. మా సూర్యుడి చుట్టూ రాళ్లు తిరుగుతుంటాయి. ఓడలో మూడొందల మంది ఉన్నారు.

నాయుడు గారికి చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"ఒక్క పది నిమిషాలు ఇటు తిప్పుకుని, మళ్లీ అటు..."

"కుదరదండీ."

"తలుపు తీసేటప్పుడు మాత్రం?"

"నాయుడు గారూ! మనం వచ్చినప్పుడు ఇక్కడ గొడుగు పట్టుకున్నవాళ్లు సీరియలు చూస్తూ కూచుని ఉంటే?"

ఆయన తల వంచుకున్నారు. "నువ్వు చెప్పేదే సబబు," అన్నారు. "ఊళ్లో వాళ్లకి నేను చెప్తాలే. నన్ను తిట్టుకోనీ."

ఎవరూ తిట్టలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. రజియా మాత్రం నా కంచంలో రెండో అట్టు వేసి, "తిను," అంది.

నమోదు 7

మంగళవారం.

గొడుగు ఓడ వైపు తిప్పాను. సుద్ద గీత చెరిపేశాను, లేకపోతే మనసు అటే లాగుతుంది. వేళ కాగానే భోజనశాలలోంచి జనం ఒకరొకరే వచ్చి రిసీవరు గది బయట నిలబడ్డారు. చూడ్డానికేమీ లేదు. అయినా వచ్చారు.

చెవుల్లో గరగర, తర్వాత మనిషి గొంతు. "కొత్త కోరంగీ, ఇది కెప్టెన్ ఇమ్మానుయేలు. వినపడుతోందా?"

"వినపడుతోందండీ. మీకు ఎడమవైపు రాళ్ల గుంపు ఉంది. నేను చెప్పేదాకా కదలకండి."

చెప్తున్నాను. అంకెలు చదువుతున్నాను. ఈ క్షణాన తలుపు తెరుచుకుంటోంది కదా అనిపించింది. ఆ బొమ్మని మోస్తున్న వెలుగు మా నెత్తిమీద నుంచే వెళ్లిపోతోంది. కళ్లు తుడుచుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ అంకెలు చదివాను.

రాళ్లు దాటాక కెప్టెన్ మెల్లిగా అడిగాడు. "ఏమ్మా, ఏడుస్తున్నారా? మాకేమైనా ప్రమాదం ఉంటే దాచకండి."

"అయ్యో, అదేం లేదండీ. మీరు క్షేమం. మా... మా సీరియలు పోయిందండీ."

"ఏం సీరియలు?"

"నీలవేణి లాడ్జి అనీ..."

అటువైపు ఏదో కింద పడిన చప్పుడు. ఎవరో కెప్టెన్ చేతిలోంచి మైకు లాక్కున్నట్టుంది. వయసు మళ్లిన ఆడగొంతు, గట్టిగా.

"ఎవరమ్మా నువ్వు? నీలవేణి లాడ్జి అన్నావా? ఇంకోసారి అను!"

నమోదు 8

ఆమే పళ్ల డాక్టరు. పేరు లావణ్య. ఎనభై ఏళ్లు దాటాయి, చెయ్యి మాత్రం వణకదు. ఓడ దిగగానే సామాను కూడా విప్పకుండా నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"మామ్మగారూ, మీరు చూశారా అది?" అన్నాను.

"చూడ్డమా! మా ఊరు తణుకు. నాకప్పుడు పదేళ్లు. మంగళవారం వచ్చిందంటే వీధిలో పిల్లి కూడా తిరిగేది కాదు. ఒక్క వారం తప్పలేదు నేను. ఆఖరి రోజున నీలవేణి మెట్లెక్కింది, గొళ్లెం మీద చెయ్యేసింది, కరెంటు పోయింది!"

గది నిండా ఉన్న జనం ఒక్కసారిగా "అయ్యో!" అన్నారు.

"మర్నాడు బళ్లో అడిగితే పద్మజ ఆయన పిశాచమంది. సుజాత దొంగ అంది. మా బాబాయి కూతురు అసలు తలుపే తెరుచుకోలేదంది. ముగ్గురి ఇళ్లలోనూ కరెంటు పోయిందని నా అనుమానం. పెద్దయ్యాక ఆ చానలు వాళ్ల ఆఫీసుకి కూడా వెళ్లాను. ఆ టేపుల మీదే వంటల కార్యక్రమం రికార్డు చేసేశారట. భూమ్మీద ఎక్కడా లేదమ్మా అది." ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "మీరు చూశారా? తలుపు తీసిందా?"

చెప్పాను. మీ ఓడ కోసం గొడుగు తిప్పేశామని.

ఆవిడ నా బుగ్గ నిమిరి, "దవడ ఇంత వాచింది, ఎలా ఓర్చుకున్నావే తల్లీ. రేపు పొద్దున్నే రా," అన్నారు.

నమోదు 9

ఇది వంకరటింకరగా రాస్తున్నాను. సగం మూతికి స్పర్శ లేదు, పైగా చేతులు ఆడటం లేదు సంతోషంతో!

పొద్దున్న కుర్చీలో కూచోబెట్టి, నోట్లో సూదిమందు పొడిచి, లావణ్య మామ్మ పన్ను పీకుతున్నారు. పక్కన కెప్టెన్ ఇమ్మానుయేలు తన వంతు కోసం కూచున్నాడు. వాళ్లిద్దరూ ఏవో మాట్లాడుకుంటున్నారు. సామాను దించేశాక ఓడని ఒకసారి చిన్న ముడిలో నడిపి చూసుకోవాలట, ఎటు వెళ్లినా ఫరవాలేదట.

ఎటు వెళ్లినా!

నేను కుర్చీలో లేచి కూచున్నాను. పటకారు నోట్లోనే ఉంది.

"ముంగుకు! ముంగుకు ఎల్లి ఇలబగగాం!"

"కదలకే! నొప్పా?"

"ఎలుగు! ఎలుగు ఒచ్చుంగి!"

"ఎలుగుబంటా?" అన్నాడు కెప్టెన్ బెదిరిపోయి.

లాభం లేదని చేతులతో చూపించాను. ఒక వేలు వెలుగు, మెల్లిగా నడుస్తోంది. ఇంకో చెయ్యి ఓడ. ఓడ గభాలున ఎగిరి వేలికి ముందు దిగి, చేతులు కట్టుకుని ఎదురు చూస్తోంది. కెప్టెన్‌కి ముందు అర్థమైంది. ఆయన నోరు తెరుచుకుంది.

"ఆఖరి ఎపిసోడు ఎక్కడికీ పోలేదు. మనల్ని దాటి వెళ్లిందంతే! నడుచుకుంటూ పోతోంది. మనం ముడి వేసుకుని దానికంటే ముందు వెళ్లి నిలబడితే..." అన్నాడు.

లావణ్య మామ్మ చేతిలో పటకారు, పటకారులో నా పన్ను. ఎప్పుడు ఊడిందో ఇద్దరికీ తెలియదు.

నమోదు 10

నాయుడు గారిని ఒప్పించడానికి బోలెడు వాదనలు సిద్ధం చేసుకుని వెళ్లాం. మొదటి వాక్యం పూర్తి కాకుండానే ఆయన చెప్పులేసుకున్నారు.

గొడుగు విప్పేశాం. ఇంకో ఓడ ఇప్పట్లో రాదు గనక దానికి ఇక్కడ పని లేదు. తిరిగొచ్చేటప్పుడు మొన్న నేను చదివిన అంకెలు చూసుకుని, రాళ్లకి దూరంగా తేలతానన్నాడు కెప్టెన్. రేకు మీద రేకు పేర్చి ఓడలోకి ఎక్కించాం. సింహాద్రి, ఇంకో నలుగురు భయస్తులు పంపులూ మేకలూ చూసుకుంటూ ఉండిపోతారు. కొత్తగా దిగిన మూడొందల మందికీ ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఊరు ఊరంతా ఓడెక్కుతుంటే వాళ్లలో సగం మంది వెనక్కి తిరిగి మళ్లీ ఎక్కేశారు. రజియా గంపల నిండా అట్లు తెచ్చింది.

"తండ్రే," అన్నారు నాయుడు గారు బెల్టు పెట్టుకుంటూ.

"మేస్త్రీ," అంది రజియా.

నమోదు 11

ముడిలోంచి బయటపడ్డాం. చుట్టూ ఏమీ లేదు. నేల లేదు, రాయి లేదు, నక్షత్రాలు తప్ప. కెప్టెన్ లెక్క ప్రకారం ఆఖరి ఎపిసోడు ఇంకాసేపట్లో ఇటుగా వస్తుంది. ఈ అవకాశం పోతే రెండోది లేదు. మిగిలిన ఇంధనం ఒక్క ముడికే సరిపోతుంది, అది ఇంటికి వెళ్లడానికి.

బయట గొడుగు విచ్చుకుంది, ఒక్క రేకు తప్ప. బొమ్మంతా చారలు. సబ్బు ప్రకటన అప్పుడే మొదలైపోయింది, పాట వినపడుతోంది!

సూటు తొడుక్కుని నేనే వెళ్లాను. దాని కీళ్ల సంగతి నాకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. రేకు చలికి బిగుసుకుపోయింది. లాగాను, రాలేదు. కాలితో ఒక తన్ను తన్నాను. రేకు విచ్చుకుంది, నేను తాడు చివరిదాకా తేలిపోయాను. చెవుల్లో లోపలున్న జనం అరుపు, "వచ్చింది! బొమ్మ వచ్చింది!" దాని వెనకే రజియా కేక, "వకుళ లోపలికి రానిదే ఎవరూ తెర వైపు చూడకండి!"

నిజంగానే చూడలేదట. నేను శిరస్త్రాణం విప్పుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి నాలుగొందల మంది తెరకి వీపు పెట్టి కూచున్నారు. పేర్ల పాట అప్పుడే అయిపోతోంది. నా కోసం లావణ్య మామ్మ పక్కన చోటు ఉంచారు.

నీలవేణి మెట్లెక్కింది. చేతిలో కాఫీ గ్లాసు. గొళ్లెం మీద చెయ్యి వేసింది. లావణ్య మామ్మ గోళ్లు నా చేతిలో దిగిపోయాయి.

తలుపు తెరుచుకుంది.

కుర్చీలో ఒక ముసలాయన. ముక్కు నీలవేణిది. చెవులు... చెవులు ఎవరివో మాకు తెలుసు! రజియా చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తమరు ఎప్పుడు పోయారండీ?" అంది నీలవేణి, అందర్నీ అడిగినట్టే.

"నేను పోలేదు. ఇంకా పుట్టలేదు," అన్నాడాయన. "మీరేమో ఆ రేడియో ఆయనకి ఇన్నాళ్లయినా జవాబు చెప్పరు. నేనెంతకాలం ఈ గదిలో దగ్గుతూ కూచోనూ, అమ్మా?"

ఓడ ఊగిపోయింది. కెప్టెన్ నాయుడు గారిని ఎత్తుకుని తిప్పేశాడు. తండ్రి కాదు, మేస్త్రీ కాదు, ఇల్లూ కాదు. ఎవరికీ తట్టలేదు! నీలవేణి మూడేసి మెట్లు ఒకేసారి దిగి వీధి దాటి, కోదండం దుకాణంలో నిలబడి, "వచ్చే వారం కాదు, ఇవాళే," అంది. అతను విరుచుకు పడిపోయాడు. మేడమీద కిటికీలోంచి ముసలాయన చూసి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నడివయసు మనిషయ్యాడు, కుర్రాడయ్యాడు, పసివాడయ్యాడు. తర్వాత కిటికీ ఖాళీ. ఖాళీ గ్లాసు మాత్రం ఉంది. మొదటిసారి కాఫీ పూర్తిగా తాగాడు.

లావణ్య మామ్మ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చెప్పలేను. "సుజాతకి చెప్పాలి. పద్మజకి చెప్పాలి," అంటున్నారు. వాళ్లు లేరని ఆవిడకీ తెలుసు.

అయిపోయిందనుకుని లేవబోయాం. అవలేదు. లాడ్జి గోడ పక్కకి జరిగింది. అది అట్టగోడ. దాని వెనకాల మనుషులు, దీపాలు, తీగలు. నీలవేణి వేసిన అమ్మాయి నవ్వుతూ ముందుకొచ్చింది. కోదండం, హరిదాసు, పెళ్లికూతురి దెయ్యం, పళ్లేనికి దారం కట్టినాయన దారంతో సహా, టీ కెటిలు పట్టుకున్నామె, అందరూ ఒక వరసలో నిలబడ్డారు. "ఇన్నాళ్లూ మీ ఇంట్లో మాకు చోటిచ్చినందుకు నమస్కారం," అందా అమ్మాయి. అందరూ మా వైపు చేతులూపారు.

మేమూ ఊపాం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఓడ నిండా చేతులు. నాయుడు గారైతే రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నారు. బొమ్మ మసకబారి పోయేదాకా వాళ్లూ ఆపలేదు, మేమూ ఆపలేదు.

లావణ్య మామ్మ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"నాకప్పుడు వీళ్లందరూ ఎంత పెద్దవాళ్లలా కనపడ్డారో," అన్నారావిడ. "చూడవే వకుళా, ఎంత చిన్నపిల్లలో!"